ఊరికే ఇచ్చేసిన ఆల్బమ్: పాలీగోండ్వానాల్యాండ్ రికార్డు కథ

ఈ రోజు నా చేతిలో ఉన్నది చూస్తున్నారు కదా, 12 అంగుళాల వైనిల్ రికార్డు. మన ఇళ్లల్లో పెద్దవాళ్లు దీన్నే గ్రామఫోన్ ప్లేట్ అనేవాళ్లు. ఇది పాత సామాన్ల కొట్లో దొరికింది కాదు. కొత్తగా అచ్చయి, సీల్ తియ్యకుండా పోస్టులో వచ్చింది. బ్యాండ్ పేరు కింగ్ గిజార్డ్ అండ్ ద లిజర్డ్ విజర్డ్. ఆల్బమ్ పేరు పాలీగోండ్వానాల్యాండ్.

ఈ ఎపిసోడ్ ఎందుకు చేస్తున్నానంటే, పోయిన ఎపిసోడ్ కింద వైజాగ్ నుంచి ఒక తమ్ముడు కామెంట్ పెట్టాడు. "అన్నా, మేం నలుగురం బ్యాండ్ పెట్టుకున్నాం. ఎనిమిది పాటలు రెడీగా ఉన్నాయి. ఫ్రీగా ఇచ్చేస్తే జనం వింటారా? లేక డబ్బులు పెడితేనే విలువ ఉంటుందా?" అని. నేను రిప్లై టైప్ చేసి, డిలీట్ చేసి, మళ్లీ టైప్ చేసి, చివరికి ఏమీ పంపలేదు. ఎందుకంటే ఒక లైన్‌లో చెప్పే సమాధానం కాదది. ఈ రికార్డు కథ చెబితే ఆ సమాధానం దానంతట అదే వస్తుందనిపించింది. కొంచెం ఓపిగ్గా వినండి.

అసలు ఎవరు వీళ్లు?

ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ వాళ్లు. 2010లో మొదలైంది. ముందుండి నడిపించేది స్టూ మెకెంజీ. ఈ ఆల్బమ్ చేసినప్పుడు బ్యాండ్‌లో ఏడుగురు, అందులో ఇద్దరు డ్రమ్మర్లు. పేరు వింటే జోక్ అనిపిస్తుంది. పని చూస్తే మాత్రం జోక్ కాదు, 2025లో 27వ స్టూడియో ఆల్బమ్ విడుదల చేశారు.

వీళ్లు వాయించే రకాన్ని హెవీ సైకడెలిక్ రాక్ అంటారు. కొత్తవాళ్ల కోసం ఒక్క నిమిషంలో చెప్పేస్తాను. 1960ల రెండో సగంలో రాక్ సంగీతంలో ఒక మార్పు వచ్చింది. గిటార్ శబ్దాన్ని కావాలనే చిందరవందర చెయ్యడం, దానికి ఫజ్ పెడల్, ఎకో, పాటలు మూడు నిమిషాల హద్దు దాటి పది నిమిషాల దాకా సాగడం, ఒకే రిఫ్‌ని తిప్పి తిప్పి వాయిస్తూ వినేవాడిని ఒక మత్తులోకి తీసుకెళ్లడం. జిమీ హెండ్రిక్స్ పేరు మీరు వినే ఉంటారు. 1968లో బ్లూ చీర్ అనే బ్యాండ్ ఆ శబ్దాన్ని ఇంకా బరువెక్కించింది. 1970లో బ్లాక్ సబ్బాత్ వచ్చాక హెవీ అనే మాట స్థిరపడిపోయింది. ఆ కాలంలో ఈ సంగీతానికీ డ్రగ్స్‌కీ సంబంధం ఉందన్నది నిజమే, దాచాల్సిన పని లేదు. కానీ ఈ సంగీతం ఎక్కాలంటే అవేవీ అక్కర్లేదు. రాత్రంతా సాగే భజనలో కూర్చున్నవాళ్లకి తెలుసు, ఒకే చరణం నలభై సార్లు తిరిగితే మనసు ఎక్కడికి పోతుందో.

ఒకే ఏడాదిలో అయిదు

ఇప్పుడు అసలు కథ. 2017లో ఈ బ్యాండ్ ఒకే ఏడాదిలో అయిదు ఆల్బమ్‌లు ఇస్తాం అని చెప్పింది. ఫిబ్రవరిలో మొదటిది, ఫ్లయింగ్ మైక్రోటోనల్ బనానా. అందులో గిటార్‌కి అదనంగా ఫ్రెట్లు వేయించుకుని, మామూలు పాశ్చాత్య స్వరాల మధ్యలో ఉండే స్వరాలు వాయించారు. టర్కీ వాద్యం బాగ్లమా నుంచి వచ్చిన ఆలోచన అది. శ్రుతులు, గమకాలు విన్న చెవులకి అది అంత వింతగా ఏమీ ఉండదు. జూన్‌లో ఒకటి, ఆగస్టులో ఒకటి.

నవంబర్ 17న నాలుగోది వచ్చింది. అదే ఇది, పాలీగోండ్వానాల్యాండ్. దీన్ని వాళ్లు ఫ్రీగా ఇచ్చారు. ఫ్రీ అంటే మనకి తెలిసిన ఫ్రీ కాదు. మధ్యలో యాడ్స్ వచ్చే ఫ్రీ కాదు, ముప్ఫై రోజుల ట్రయల్ ఫ్రీ కూడా కాదు. పాటల అసలు మాస్టర్ ఫైళ్లు, కవర్ బొమ్మల ఫైళ్లు అన్నీ డౌన్‌లోడ్‌కి పెట్టేశారు. పెట్టి ఏమన్నారంటే, వినండి, కాపీ చేసుకోండి, క్యాసెట్ చేసుకోండి, సీడీ చేసుకోండి, రికార్డు అచ్చు వేయించుకోండి, కావాలంటే అమ్ముకోండి, ఇది ఇక మాది కాదు, మీది.

ఒక్కసారి ఆలోచించండి. మన దగ్గర పాట అంటే ఆడియో రైట్స్. ఆ రైట్స్ కోసం సినిమా మొదలవ్వకముందే బేరాలు జరుగుతాయి. అలాంటిది వీళ్లు తాళాలు తీసి వీధిలో పెట్టేశారు.

తర్వాత ఏం జరిగిందంటే, ప్రపంచం నలుమూలలా చిన్న చిన్న లేబుళ్లు పుట్టుకొచ్చాయి. కొన్ని అంతకుముందే ఉన్నవి. కొన్నయితే ఈ ఒక్క ఆల్బమ్ కోసమే మొదలైనవి. కొంతమంది అభిమానులు కలిసి చందాలు వేసుకున్నారు. కొంతమంది ముందే ఆర్డర్లు తీసుకుని, ఆ డబ్బుతోనే అచ్చు వేయించారు. ఒకే ఆల్బమ్‌కి వందకు పైగా రకాల అచ్చులు వచ్చాయి. నీలం, ఎరుపు, పాలరాయి లాంటి చారలు, చీకట్లో మెరిసేవి, ఎన్నో. సాధారణంగా రికార్డు సేకరించేవాడు మొదటి ముద్రణ కోసం వెతుకుతాడు. ఈ ఆల్బమ్‌కి మాత్రం ఏది అసలుది, ఏది నకలు అని అడిగితే అర్థమే ఉండదు.

గోండ్వానా అంటే మన గోండులే

ఆల్బమ్ పేరులో గోండ్వానాల్యాండ్ అని ఉంది కదా. ఈ మాట ఆస్ట్రేలియాలో పుట్టలేదు. గోండుల వనం, గోండ్వానా. మధ్య భారతంలో గోండులు ఏలిన నేల పేరు అది. మన ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లి దగ్గర కేస్లాపూర్‌లో నాగోబా జాతర చేసే గోండులే వాళ్లు. 19వ శతాబ్దంలో భూగర్భ శాస్త్రజ్ఞులు ఆ ప్రాంతంలో దొరికిన ఒక రకం శిలల వరసకి గోండ్వానా అని పేరు పెట్టారు. అలాంటి శిలలే, అదే గ్లోసోప్టెరిస్ అనే మొక్క ఆకుల ముద్రలతో ఆఫ్రికాలో, ఆస్ట్రేలియాలో, దక్షిణ అమెరికాలో కూడా దొరికాయి. అంటే ఒకప్పుడు ఇవన్నీ ఒకే నేల అన్నమాట. ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడు ఎడ్వర్డ్ సూస్ ఆ పాత మహాఖండానికి గోండ్వానాల్యాండ్ అన్నాడు. గోదావరి లోయలో సింగరేణి తవ్వుతున్న బొగ్గు ఆ గోండ్వానా శిలల్లోదే.

సో, మెల్‌బోర్న్ కుర్రాళ్లు తమ ఊహాలోకానికి పెట్టుకున్న పేరులో మన గోండుల పేరు ఉంది. వాళ్ల నేల, మన నేల ఒకప్పుడు కలిసే ఉండేవి. ఈ సంగతి తెలిశాక నాకు ఈ అట్ట మీది పేరు వేరేగా కనిపించింది.

ఇక ముందు ఉన్న పాలీ సంగతి. ఈ ఆల్బమ్ లోపల లయ అంతా పాలీమీటర్ల మీద నడుస్తుంది. అది ఏంటో ఇప్పుడే చేసి చూద్దాం, ఫోన్ పక్కన పెట్టండి. కుడి చేత్తో తకధిమి, తకధిమి అని నాలుగు లెక్కన కొట్టండి. నోటితో తకతకిట, తకతకిట అని అయిదు లెక్కన అనండి. వేగం రెండింటికీ ఒకటే. మొదటి దెబ్బ కలుస్తుంది, తర్వాత విడిపోతాయి, చెయ్యి ఒకచోట, నోరు ఒకచోట. సరిగ్గా ఇరవై దెబ్బలయ్యాక మళ్లీ కలుస్తాయి. ఆ కలిసే చోట ఒక ఊపు వస్తుంది చూడండి, అదే మజా. మృదంగం నేర్చుకున్నవాళ్లకి ఇది మంచినీళ్లు. ఈ బ్యాండ్ అదే పనిని గిటార్లతో, డ్రమ్స్‌తో చేస్తుంది. మొదటి పాట క్రంబ్లింగ్ కాజిల్ దాదాపు పదకొండు నిమిషాలు. ఎక్కడ కలుస్తున్నారో, ఎక్కడ విడిపోతున్నారో పట్టుకుంటూ వింటే ఆ టైమ్ గడిచినట్టే ఉండదు.

రికార్డు ఎలా తయారవుతుంది?

ఫైళ్లు ఫ్రీగా దొరికాయి, సరే. ఫైల్ రికార్డు ఎలా అవుతుంది? ఇక్కడే చాలామందికి తెలియని పని ఉంది.

ముందు ఒక అల్యూమినియం పళ్లెం మీద లాక్వర్ అనే మెత్తటి పూత వేసి ఉంటుంది. కటింగ్ యంత్రంలో ఒక సూది ఆ పూత మీద పాటని గాడిలా చెక్కుతుంది. ఆ పళ్లెం మీద పల్చగా వెండి పూసి, నికెల్ ద్రావణంలో పెట్టి కరెంటు ఇస్తే పైన నికెల్ పొర కడుతుంది. దాన్ని ఊడదీస్తే గాడికి ఉల్టా రూపం వస్తుంది. దాన్నుంచి ఇంకో పళ్లెం, దాన్నుంచి చివరికి స్టాంపర్ అనే అచ్చు. రెండు వైపులకీ రెండు స్టాంపర్లు. మధ్యలో వేడి పీవీసీ ముద్ద పెట్టి నొక్కుతారు. అట్లకాడతో దోసె నొక్కినట్టు కాదు, టన్నుల బరువుతో. మధ్యలో ఉండే కాగితం లేబుల్ కూడా అప్పుడే అతుక్కుంటుంది, జిగురు ఉండదు. చల్లబరిచి, అంచులు కోస్తే రికార్డు రెడీ.

లాక్వర్ పళ్లేలు చేసే కంపెనీలు ప్రపంచంలో ఎన్నో లేవు. 2020 ఫిబ్రవరిలో కాలిఫోర్నియాలో అపోలో మాస్టర్స్ ఫ్యాక్టరీ కాలిపోతే, ప్రపంచానికి పెద్ద సరఫరాదారు జపాన్‌లో ఒక్కటే మిగిలింది. ఆ ఒక్క ఫ్యాక్టరీ మంట వల్ల మొత్తం రికార్డుల లోకం కంగారు పడింది.

ఇప్పుడు హెవీ రాక్‌కి ఉన్న ప్రత్యేకమైన ఇబ్బంది చెబుతాను. రికార్డు మీద బేస్ శబ్దం అంటే గాడి అటూ ఇటూ వెడల్పుగా ఊగడం. బేస్ ఎంత ఎక్కువుంటే గాడి అంత చోటు తింటుంది. అందుకే చెక్కేటప్పుడు బేస్ తగ్గించి, పై శబ్దాలు పెంచి చెక్కుతారు. వినేటప్పుడు ఆంప్లిఫయర్‌లో ఉండే ఫోనో భాగం దాన్ని తిరగేసి సరిచేస్తుంది. ఈ లెక్కనే రియా కర్వ్ అంటారు. అయినా కూడా 33⅓ స్పీడ్ రికార్డులో ఒక వైపుకి దాదాపు 22 నిమిషాలు దాటితే, సౌండ్ తగ్గించాలి, లేదా బేస్ తగ్గించాలి. వేరే దారి లేదు.

ఈ ఆల్బమ్ మొత్తం దాదాపు 44 నిమిషాలు. రెండు వైపులకి పంచితే ఒక్కో వైపు దాదాపు ఇరవై రెండు చొప్పున, సరిగ్గా అంచు మీద ఉంది. అంటే చెక్కేవాడి చేతిలో పని ఉంటే బాగా వస్తుంది, లేకపోతే పల్చగా వస్తుంది. ఇంకో మాట. రికార్డు తిరిగే స్పీడ్ ఒకటే అయినా, బయటి అంచు దగ్గర సూది కింద గాడి సెకనుకి దాదాపు 50 సెంటీమీటర్లు కదులుతుంది. లోపలికి వచ్చేసరికి అది 21 దాకా పడిపోతుంది. అదే పాటని తక్కువ చోట ఇరికించాలి. అందుకే వైపు చివర్లో ఉన్న పాటల్లో తాళాల శబ్దం కొంచెం చిరిగినట్టు వినిపిస్తుంది.

మా మామయ్య తీర్పు

ఇప్పుడు నా సొంత కథ. ఇది నా దగ్గర రెండో కాపీ. మొదటిది రెండేళ్ల కిందట కొన్నాను. ఎవరు అచ్చు వేశారో పేరు చెప్పను, ఇప్పుడు దానితో పని లేదు. షిప్పింగ్, కస్టమ్స్ అన్నీ కలిపి నాలుగు వేలు దాటింది. ఫ్రీ ఆల్బమ్‌కి నాలుగు వేలా అని ఇంట్లో నవ్వారు. సరే, పెట్టి విన్నాను. ఏదో తేడాగా ఉంది. సాగదీసిన స్వరాలన్నీ పడవలో కూర్చున్నట్టు ఊగుతున్నాయి. సైకడెలిక్ కదా, ఇలాగే ఉంటుందేమో అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను, ఒక నెల రోజులు.

మా మేనమామ ఒకప్పుడు గోదావరి జిల్లాలో మైక్ సెట్ నడిపేవాడు. పెళ్లిళ్లు, తీర్థాలు, ఎన్నికలు, అన్నిటికీ ఆయన ప్లేట్లే. పండక్కి మా ఇంటికి వచ్చినప్పుడు గర్వంగా పెట్టి వినిపించాను. ఆయన పాట వినలేదు. వంగి సూది వైపు చూశాడు.

"ఏరా, దీనికి ఎంత పెట్టావు?"

"నాలుగు వేలు మామయ్యా."

"సూది అటూ ఇటూ పోతోంది చూడు. బొక్క నడిమధ్యలో లేదురా దీనికి. సెంటర్ పోయింది."

చూశాను. నిజమే, సూది ఉన్న చెయ్యి ఒకసారి లోపలికి, ఒకసారి బయటికి మెల్లగా ఊగుతోంది. 33⅓ స్పీడ్ అంటే ఒక చుట్టుకి 1.8 సెకన్లు. సరిగ్గా 1.8 సెకన్లకి ఒకసారి స్వరం ఎక్కుతోంది, దిగుతోంది. నేను నెల రోజులు బ్యాండ్ గొప్పతనం అనుకున్నది ఫ్యాక్టరీలో జరిగిన పొరపాటు.

వాపసు ఇస్తారేమోనని అమ్మినవాళ్లకి మెయిల్ రాశాను. జవాబు లేదు. కొన్నాళ్లకి ఆ పేజీయే లేదు. బ్యాండ్‌ని అడుగుదామంటే, వాళ్లు ముందే చెప్పారు కదా, ఇది మాది కాదు, మీది అని. నాకు ఆ రోజే అర్థమైంది, ఫ్రీగా ఇచ్చినప్పుడు హక్కు ఒక్కటే చేతులు మారదు, బాధ్యత కూడా మారుతుంది. ఎవరు అచ్చు వేస్తే బాధ్యత వాళ్లదే. మంచివాళ్లు దాన్ని తీసుకున్నారు. కొందరు కవర్ మీద రంగుల కోసం పెట్టిన శ్రద్ధ లోపల పెట్టలేదు.

సో, మీరెప్పుడైనా ఇలాంటి రికార్డు కొంటే మూడు చూడండి. ఒకటి, అచ్చు వేసిన లేబుల్ ఇంకా నడుస్తోందా, వేరే ఆల్బమ్‌లు కూడా వేసిందా. రెండు, ఆ ముద్రణ గురించి కొన్నవాళ్లు ఏమంటున్నారు, రంగు గురించి కాదు, శబ్దం గురించి. మూడు, పాడైపోతే మారుస్తామని రాసి ఉందా. ప్లేయర్ కూడా చూసుకోండి. చాలా చవక సూట్‌కేస్ ప్లేయర్లలో సూది బరువు ఎక్కువ, గాడి త్వరగా అరుగుతుంది. ఇంకో ముఖ్యమైన మాట, ఈ ఆల్బమ్ వినడానికి రికార్డు కొననే అక్కర్లేదు. మాస్టర్ ఫైళ్లనే వాళ్లు ఇచ్చారు. మంచి ఇయర్‌ఫోన్స్ ఉంటే మీ ఫోన్‌లోనే బ్రహ్మాండంగా ఉంటుంది.

మరి రికార్డు ఎందుకు?

మా అమ్మకి ఇష్టమైన పాత పాటలన్నీ ఒక యాప్‌లో ప్లేలిస్ట్ చేసి పెట్టాను. ఒక రోజు చూస్తే అందులో సగం బూడిద రంగులోకి మారిపోయాయి. నొక్కితే పలకవు. అమ్మ నన్నడిగింది, "డబ్బులు కడుతున్నావు కదరా, మరి మన పాటలు ఏమయ్యాయి?" అని. మన పాటలు కావమ్మా అవి, అద్దెకి ఉన్నాం అంతే, అని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

ఈ బ్యాండ్ విషయంలోనే చూడండి. 2025 జులైలో వీళ్లు స్పాటిఫై నుంచి బయటికి వచ్చేశారు. ఆ కంపెనీ అప్పటి సీఈఓ డేనియల్ ఎక్ పెట్టుబడులు హెల్సింగ్ అనే సైనిక టెక్నాలజీ సంస్థలోకి వెళ్లాయని, దానికి నిరసనగా. తర్వాత బ్యాండ్‌క్యాంప్‌లో తమ ఆల్బమ్‌లకి మీకు తోచినంత ఇవ్వండి అన్నారు. నిర్ణయం మంచిదా కాదా, మీ ఇష్టం, నేను తీర్పు చెప్పను. కానీ ఆ రోజు అక్కడ మాత్రమే వింటున్నవాడికి పాటలు పోయాయి. ఫైల్ దాచుకున్నవాడికి, రికార్డు కొన్నవాడికి ఏమీ పోలేదు. మా మామయ్య ప్లేట్లు ఇప్పటికీ ఇనప్పెట్టెలో ఉన్నాయి, డమ్‌డమ్ ఫ్యాక్టరీలో అచ్చయినవి. గీతలు పడ్డాయి, చిటపటలాడతాయి, కానీ పాడతాయి.

వైజాగ్ తమ్ముడికి

ఇప్పుడు నీ ప్రశ్నకి వస్తాను తమ్ముడూ. ఫ్రీగా ఇస్తే జనం వింటారా? ఈ కథ చూసి ఆవేశపడి అన్నీ ఇచ్చెయ్యకు. కింగ్ గిజార్డ్ ఈ పని చేసేనాటికి అది వాళ్ల 12వ ఆల్బమ్. ఏడేళ్లు ఊరూరా తిరిగి వాయించి, అభిమానుల్ని సంపాదించుకున్నాకే తాళం తీశారు. అదీ ఆ ఏడాది అయిదింటిలో ఒక్కదానికే. మిగతా నాలుగూ అమ్మారు. ఫ్రీ ఆల్బమ్ విన్నవాడు టికెట్ కొని కచేరీకి వస్తాడు, వేరే రికార్డు కొంటాడు. వాళ్లకి తిరిగి వచ్చేదారి ఉంది. తర్వాత లైవ్ రికార్డింగుల్ని కూడా బూట్‌లెగ్గర్ పేరుతో ఇలాగే ఇచ్చారంటే, ఆ దారి పని చేసిందనే కదా.

నీ దగ్గర ఎనిమిది పాటలున్నాయి. నేనైతే రెండు ఇస్తాను. కానీ ఆ రెండూ ఎలా ఇస్తానంటే, నాణ్యత తగ్గించిన ఫైల్ కాదు, అసలు ఫైల్. కవర్ బొమ్మతో సహా. ఎవరైనా దాచుకునేలా, పంచుకునేలా. కింద మాత్రం మీ నలుగురి పేర్లు, మీరు ఎక్కడ వాయిస్తారో, మిమ్మల్ని ఎలా కలవాలో రాయి. మిగతా ఆరింటికీ ధర పెట్టు, చిన్నదైనా సరే. ధర పెట్టడానికి సిగ్గుపడకు. రికార్డు అచ్చు మాత్రం ఇప్పుడే వద్దు. చాలా ప్లాంట్లు కనీసం వంద నుంచి మూడు వందల కాపీలు వేయించమంటాయి, ఆ డబ్బుతో నువ్వు ఒక మంచి మైక్ కొనుక్కుని ఇంకో ఎనిమిది పాటలు చేసుకోవచ్చు. ముందు వంద మంది వచ్చి "రికార్డు ఎప్పుడు అన్నా?" అని అడగనీ.

ఇదిగో, ఈ కొత్త కాపీ పెడుతున్నాను. నిన్ననే మామయ్యకి వీడియో కాల్ చేసి సూది చూపించాను. కాసేపు చూసి, "ఇది సరిగ్గా ఉందిరా" అన్నాడు. ఇంకొంచెం సేపు విని, "ఆ డప్పుల వాళ్లిద్దరూ ఒకళ్లనొకళ్లు తోసుకుంటున్నారేంట్రా, భలే ఉంది" అన్నాడు. పాలీమీటర్ గురించి నేను ఇందాక పది నిమిషాలు చెప్పింది ఆయన ఒక్క ముక్కలో తేల్చేశాడు.

మీరు కూడా తకతకిట ప్రయత్నం చేసి ఇరవై దెబ్బలయ్యాక కలిసిందో లేదో కామెంట్‌లో చెప్పండి. మీ ఇంట్లో పాత ప్లేట్లు ఉంటే ఎవరివో, ఏ పాటలో అది కూడా రాయండి. వైజాగ్ తమ్ముడూ, ఆ రెండు పాటలు అయ్యాక లింక్ పెట్టు, ముందు నేను డౌన్‌లోడ్ చేసుకుంటాను. మిగతా ఆరూ కొంటాను కూడా. ఉంటాను మరి, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.